ముహూర్తం సంచి

మా నాన్న పేరు బిచ్చయ్య. దోమ మండలంలో చిన్న ఊరు మాది. నాలుగెకరాల కంది చేను, అరవై దాకా గొర్రెలు. గొర్రెల విషయంలో మా నాన్నను మోసం చేయగలిగినవాడు ఇంకా పుట్టలేదు. నడుము మీద చెయ్యి వేసి తడిమి, పళ్ళు చూసి, అది ఎన్ని ఈతలు ఈనిందో, సంతలో ఎంతకు పోతుందో అక్కడికక్కడే చెప్పేస్తాడు. ఎండాకాలం మేపు కోసం మందను సేడం వైపు తోలుకెళ్ళి, అక్కడి బేరగాళ్ళతో కన్నడంలోనే పోట్లాడి వచ్చేవాడు. అంతటి మనిషికీ ఒక జబ్బుంది. ఎవరైనా పేరు పెట్టి పిలిచి కుర్చీ వేస్తే చాలు, కరిగి నీరైపోతాడు. చిన్నప్పటి నుంచి సేట్ల దుకాణాల ముందు నిలబడే మాట్లాడాడు మరి. కూర్చోమన్నవాడు ఆయనకు దేవుడితో సమానం. మా అమ్మ బీరమ్మ పెళ్ళైనప్పటి నుంచీ ఈ సంగతి మీద తిడుతూనే ఉంది, ఆయన వింటూనే ఉన్నాడు, మారింది మాత్రం ఏమీ లేదు.

ఆ జబ్బు వల్ల మా మంద మొత్తం పోబోయింది. ఆ సంగతే చెప్తాను. తలుచుకుంటే ఇప్పటికీ నోరు చేదవుతుంది.

తాండూరు మార్కెట్ యార్డులో కొత్త కందులు వచ్చే కాలంలో ముహూర్తం సౌదా అని ఒకటి చేస్తారు. లక్ష్మీదేవి పటం పెట్టి, కొబ్బరికాయ కొట్టి, ఒక రైతు తెచ్చిన ఒక్క సంచి కందులు పటం ముందు కుమ్మరిస్తారు. వ్యాపారులంతా చుట్టూ నిలబడి నవ్వుకుంటూ పాట పెంచుతారు. ఆఖరుకు పెద్ద సేటు పాడుకుంటాడు. రైతుకు తలపాగా చుట్టి, మిఠాయి పెట్టి పంపిస్తారు. ఆ కందులు మిల్లుకు కూడా పోవు. గుప్పెడు గుప్పెడు ప్రతి దుకాణానికీ పంచితే వాళ్ళు గల్లా పెట్టెలో వేసుకుంటారు. ఆ సంచికి ఇచ్చేది ధర కాదు, కట్నం. ఎప్పుడూ నూటపదహార్లతోనే ముగుస్తుంది. పెళ్ళిలో చదివించినట్టన్నమాట. ఈ సంగతి యార్డులో హమాలీకి తెలుసు, చాయ్ అమ్మేవాడికి తెలుసు.

మా నాన్న చెయ్యి మంచిదని పేరుబడి, కొన్నేళ్ళుగా ఆ సంచి ఆయనే తీసుకెళ్తున్నాడు. పోయిన డిసెంబర్‌లో కూడా ఆయనదే. క్వింటాలు పన్నెండు వేల నూటపదహార్లు పలికింది. అదే పూట, అదే యార్డులో మా మిగతా తొమ్మిది సంచులు ఏడు వేల మూడు వందల నలభై చొప్పున పోయాయి. బండిలో పక్కపక్కనే వచ్చిన కందులు, ఒకే చేనువి. నాన్న తలపాగాతో ఇంటికొచ్చి ఊరంతా తిరిగాడు. అమ్మ ఆ తొమ్మిది సంచుల పైసలు లెక్కపెట్టుకుని లోపల దాచింది. అక్కడితో అయిపోయిందనుకున్నాం.

ఏటా డిసెంబర్ రెండో వారంలో చేసే ముహూర్తాన్ని ఈసారి మంచి రోజు లేదని నెల ఆఖరి రోజుకు జరిపారు. ఎందుకో అప్పుడు మాకు తెలియలేదు.

ఆ సంచి పాడుకున్నది సూర్యప్రకాశ్ సేటు. తాండూరులో పప్పు మిల్లు, కంది వ్యాపారం, కంపెనీ. ఇప్పుడు వ్యవహారమంతా కొడుకు నిఖిల్ చూస్తున్నాడు. హైదరాబాద్‌లో చదివొచ్చాడు, చొక్కా చేతులు మోచేతి దాకా మడిచి, ప్రతి మాటకూ ముందు ఒక చిరునవ్వు పెడతాడు. జనవరి చివర్లో మా ఊరికి కారేసుకొచ్చి, మా ఇంటి ముందే కుర్చీ వేయించుకుని, ఇంకో కుర్చీ తెప్పించి మా నాన్నను కూర్చోబెట్టాడు. కంపెనీ వాటాలు కొందరు పెద్ద రైతులకు ఇస్తున్నామని, ముందుగా బిచ్చయ్యనే అడగాలని వాళ్ళ నాన్నగారు చెప్పారని అన్నాడు. అంతే. మా నాన్న పని అక్కడే పూర్తయింది.

నేను వికారాబాద్‌లో ఒక ఆడిటర్ దగ్గర పని చేస్తాను. ఎంకాం చదివాను. ఆదివారం ఇంటికి వచ్చేసరికి మంద మొత్తం అమ్మడానికి బాల్‌రాజ్ అనే బేరగాడితో మాట కూడా అయిపోయింది.

"మొత్తం అమ్ముతవా నాయినా?" అన్నాను.

"ఎండలబడి తిరుగుడు ఇగ నాతోని కాదు బిడ్డ. వాటాలుంటే కూసున్నకాడ పెరుగుతయ్. అంజిలయ్య గూడ అమ్ముతుండు."

అంజిలయ్య మామ మా అమ్మ తమ్ముడు. దౌల్తాబాద్‌లో ఉంటాడు. ఆయనకూ మందే ఆధారం. బావ ఏం చేస్తే అదే చేస్తాడు, బావ దగ్గితే తనూ దగ్గుతాడు.

"ఎట్ల పెరుగుతయో అడిగినవా?" అన్నాను.

"శుక్రవారం తాండూర్ల మీటింగుంది. నువ్వే వచ్చి అడుగు" అన్నాడు. కూతురు చదువుకుందని పదిమందిలో చూపించుకోవచ్చని ఆయన ఆశ.

సెలవు పెట్టి వెళ్ళాను. ఫంక్షన్ హాల్లో ఏసీ, టీ, సమోసాలు. ముందు వరుసలో మా నాన్నకు కుర్చీ, కుర్చీ మీద ఆయన పేరు రాసిన కాగితం. దాన్ని ఆయన వేలితో తడుముకోవడం చూశాను. పక్కనే అంజిలయ్య మామ, కొత్త చొక్కాలో.

నిఖిల్ తెర మీద అంకెలు చూపించాడు. కంపెనీ ఇతర వ్యాపారులతో ముందస్తు ఒప్పందాలు చేసుకుంది. నలభై వేల క్వింటాళ్ళ కందులు మార్చిలో, ఏడు వేల ఆరు వందల చొప్పున కొనడానికి. ఇలాంటి ఒప్పందాలకు మూడు నెలలకోసారి లెక్కలు మూసే రోజున విలువ కట్టాలి. ఆ రోజు బజారు ధర ఒప్పందం ధరకంటే ఎక్కువుంటే తేడా అంతా కంపెనీకి లాభమని రాసుకోవచ్చు, తక్కువుంటే నష్టం రాయాలి. కందులు రాకముందే, పైసా చేతిలో పడకముందే. ఇందులో తప్పేం లేదు, పద్ధతి అదే. ఒప్పందం ఈ పూట ఎంత చేస్తుందో నిజాయితీగా చెప్పాలని పెట్టిన పద్ధతి అది.

"డిసెంబర్ ముప్పై ఒకటి నాడు తాండూర్ మార్కెట్ ధర పన్నెండు వేల నూటపదహార్లు" అన్నాడు నిఖిల్. "క్వింటాలుకు నాలుగు వేల అయిదు వందల పదహారు తేడా. నలభై వేల క్వింటాళ్ళకు పద్దెనిమిది కోట్లు. గిది మేం చెప్పిన ధర కాదు. మార్కెట్ చెప్పింది."

హాలంతా చప్పట్లు. ముహూర్తం ఎందుకు జరిపారో అప్పుడు అర్థమైంది. దేవుడి పటం ముందు చదివించిన కట్నాన్ని తీసుకెళ్ళి నలభై వేల క్వింటాళ్ళకు అంటగట్టారు. ఆ పద్దెనిమిది కోట్లు కలిపి కంపెనీ విలువ తేల్చి, ఆ లెక్కన వాటా ధర కట్టి, మార్చి రాకముందే గొల్లోళ్ళకూ రైతులకూ అమ్ముకుంటున్నారు. మార్చి వస్తే బండారం బయటపడుతుందిగా. విలువ కట్టినవాడి సంతకం ఉంది, ఆడిటర్ సంతకం ఉంది, అన్నీ ఉన్నాయి. సిగ్గొక్కటే లేదు.

అంతకంటే రోత పుట్టించింది హాలు. అక్కడున్న వాళ్ళలో సగం మంది ఆ ముహూర్తానికి వచ్చినవాళ్ళే. ఆ మిఠాయి తిన్నవాళ్ళే. ఒక్కడూ నోరు విప్పలేదు. ముహూర్తం ధరను అది ధర కాదనడం అపశకునమని మా వైపు ఒక పట్టింపు. అలా అంటే ఆ ఏడాది లక్ష్మి అలుగుతుందట. ఆ పట్టింపును నిఖిల్ మాకంటే బాగా చదువుకున్నాడు.

నేను లేచి నిలబడ్డాను. "సార్, ఆ రోజు ఇంకెన్ని సంచులు ఆ ధరకు పోయినయ్?" అన్నాను.

నిఖిల్ కొంచెం కూడా తడబడలేదు. "మంచి ప్రశ్న మేడం. నేనెందుకు చెప్పాలె? అమ్మిన రైతు ఇక్కడనే ఉన్నడు" అంటూ మైకు తెచ్చి మా నాన్న చేతికిచ్చాడు. "బిచ్చయ్య గారూ, మీ కందులు ఎంతకు పోయినయో మీరే చెప్పుండ్రి."

మైకులో బిచ్చయ్య గారు. మా ఇంటి ముందు మాత్రం ఉత్త బిచ్చయ్య.

మా నాన్న లేచాడు. నన్ను చూశాడు. "పన్నెండు వేల నూటపదహార్లు" అన్నాడు.

"ఒక్కటా, అన్నీనా నాయినా?" అన్నాను.

అంజిలయ్య మామ తలెత్తి బావ నోటి వైపే చూస్తున్నాడు. వెనక ఎవరో నవ్వారు, కూతురే తండ్రిని నిలదీస్తుందని. మా నాన్న మైకు ఇంకొంచెం దగ్గరికి పెట్టుకున్నాడు.

"అన్నీ" అన్నాడు.

మళ్ళీ చప్పట్లు. నేను కూర్చున్నాను.

బస్సు పరిగి దాటాక ఇక ఉండబట్టలేక అడిగాను. "తొమ్మిది సంచులు ఎంతకు పోయినయో నీకు యాది లేదా?"

"ఉంది."

"మరి?"

"గంత మందిల నా సంచి ధర ఉత్తదే అని నా నోటితోనే చెప్పాల్నా? ఇగ నన్నెవడు పిలుస్తడు?"

"నిన్ను పిలిచి ఏం చేసిండ్రో చూసినవా? నిన్ను చూపిచ్చి మందిని ముంచుతుండ్రు. మామ గూడ అండ్లనే ఉన్నడు."

"నీకు సదువు ఎక్కువైంది. ఊకో" అని కిటికీ వైపు తిరిగాడు. మా నాన్న నన్ను అంతకుముందు ఎన్నడూ అలా అనలేదు. బాధ కంటే అసహ్యమే ఎక్కువ కలిగింది. సేటు మీద కలిగితే భరించవచ్చు. కన్నతండ్రి మీద కలిగితే ఎక్కడ పెట్టుకోను?

మర్నాడు ఆఫీసులో మా సార్ అనిల్‌కుమార్‌కు చెప్పాను. కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ మొత్తం విన్నాడు. "చూడమ్మా సింధుజా, ఇష్టంగా కొనేటోడు, ఇష్టంగా అమ్మేటోడు, మామూలు బేరం. గప్పుడే అది ధర. గిది బేరమే కాదు, పూజ. తప్పే" అన్నాడు. హమ్మయ్య అనుకున్నాను. వెంటనే, "కానీ మన ఫైలు కాదు గదా, మనకెందుకు? సూర్యప్రకాశ్ మనకు రేపు పనికొస్తడు" అన్నాడు. ఒక ఫిర్యాదు రాసిపెడితే పంపుతారా అంటే, "నీ పేరు మీద రాసుకో, మా ఆఫీసు పేరు రానీయకు" అన్నాడు. నా పేరు మీదే రాసి, కంపెనీల మీద ఫిర్యాదులు తీసుకునే ప్రభుత్వ కార్యాలయానికి పంపాను. అందిందని జవాబొచ్చింది. అంతే, అందింది.

బాల్‌రాజ్ రెండు ట్రాలీ ఆటోలతో వచ్చే రోజుకు నేను ఇంటికి వెళ్ళాను. ఎందుకు వెళ్ళానో నాకే తెలియదు, ఆపగలనన్న ఆశ కూడా లేదు. పొద్దున్నే దొడ్డిలో గొర్రెలు అరుస్తున్నాయి, ఇంకా మేతకు వదల్లేదు. అమ్మ గుమ్మంలో కూర్చుని ఉంది.

బాల్‌రాజ్ మంద చుట్టూ ఒకసారి తిరిగాడు. ఒక మూలన కుంటుతున్న ముసలి గొర్రె ఉంది, పళ్ళు రాలిపోయాయి. దాని చెవి పట్టుకుని లాక్కొచ్చి మా నాన్న ముందు నిలబెట్టాడు.

"గిది మూడు వేలు చేస్తది. గీ లెక్కన మొత్తం మందకు కట్టిస్త. గంపగుత్త. ఒక్కొక్కటి చూస్కుంట కూసుంటే పొద్దుగూకుతది."

మా నాన్న మొహం ఎర్రబడింది. "ఏం మాట్లాడుతున్నవ్ రా? కుంటిదాన్ని ఒక్కదాన్ని చూపిచ్చి మందకంత ధర కడ్తవా? కండ్లు నెత్తికెక్కినయా?"

"పోనీ గా పెద్ద పొట్టేలు లెక్కన కట్టమంటవా మరి?" అన్నాడు బాల్‌రాజ్, నవ్వుతూ.

"దాని లెక్కన నువ్వెందుకు కడ్తవ్? నేనెందుకు అడుగుత? దేని ధర దానిదే. ఒక్కదాని ధర మందకు మొత్తం రుద్దెటోడు బేరగాడు కాదు, దొంగ."

గుమ్మంలోంచి అమ్మ అంది, గొంతు పెంచకుండానే. "గీ మాట మొన్న మైకుల చెప్పకపోతివి."

మా నాన్న ఆమె వైపు తిరిగాడు. మళ్ళీ గొర్రెల వైపు చూశాడు. తర్వాత ఆ ముసలి గొర్రెను బాల్‌రాజ్ చేతిలోంచి విడిపించుకుని, "అమ్ముడు లేదు. పో" అన్నాడు. బాల్‌రాజ్ నానా మాటలు అన్నాడు. ఆటోలు ఖాళీగా వెనక్కి పోయాయి.

దగ్గరికి వెళ్ళి ఆయన చెయ్యి పట్టుకుందామనుకున్నాను. అంతలో ఫోన్ మోగింది. అంజిలయ్య మామ. మా నాన్నకు సరిగా వినబడదని ఫోన్ ఎప్పుడూ స్పీకర్ మీదే ఉంటుంది.

"బావా, నేను తాండూర్ బస్సెక్కుతున్న. పైసలు కట్టనీకే. నీ మంద ఎక్కిచ్చినవా? ఇద్దరం ఒక్కతాననే కడ్దాం, జర ఆగాల్నా?"

మా నాన్న నన్ను చూశాడు, అమ్మను చూశాడు.

"నాది ఇయ్యాల అయితలేదు అంజిలయ్యా. ఇంట్ల ఆడోళ్ళు మొండికేసిండ్రు. నువ్వు పోయి కట్టు. మంచిదే."

నా చెవులను నేనే నమ్మలేకపోయాను. ఛీ. తన గొర్రెలు దొడ్డిలో భద్రంగా ఉన్నాయి, బావమరిదిని మాత్రం బస్సెక్కి వెళ్ళి మునగమంటున్నాడు. ఎందుకు? ఫంక్షన్ హాల్లో ఒక్క మాట అబద్ధమాడానని ఒప్పుకోవాల్సి వస్తుందని. నిఖిల్‌కూ ఈయనకూ తేడా ఏముందసలు? వాడు కోట్ల కోసం చేశాడు, ఈయన కుర్చీ కోసం.

ఫోన్ లాక్కున్నాను. "మామా, నేను సింధుజను. కట్టకు. ఆ రోజు ఒక్క సంచే ఆ ధరకు పోయింది. మిగిలినయ్ అన్నీ ఏడు వేల మూడొందలకే పోయినయ్."

అవతల బస్సు హారన్ మోగింది. తర్వాత మామ అన్నాడు, "నువ్వు మొన్న గూడ గిట్లనే లేసి అడిగితివి బిడ్డా. మీ నాయిన కాదన్నడు. నేను ఎవర్ని నమ్మాలె? మీ నాయినను చెప్పమను."

ఫోన్ మా నాన్న ముందు పెట్టాను. అమ్మ లేచి వచ్చి పక్కన నిలబడింది. ఫోన్లో నుంచి మామ పిలిచాడు. "బావా."

మా నాన్న దొడ్డి గుంజను పట్టుకున్నాడు.

"పిల్ల చెప్పింది నిజమే" అన్నాడు. "తొమ్మిది సంచులు ఏడు వేల మూడొందల నలభైకి పోయినయ్. నేను అబద్ధం చెప్పిన. కట్టకు."

"మంచిగున్నది బావా" అన్నాడు మామ. కోపం లేదు గొంతులో, ఏమీ లేదు. "నా జీవాలు నిన్ననే ఎక్కిచ్చిన గదా. నువ్వు చెప్పినవని బేరం గూడ చెయ్యలె. వచ్చినకాడికి ఇచ్చిన."

ఫోన్ పెట్టేశాడు.

ఆ రోజు హాల్లో ఉన్న మిగతావాళ్ళు కట్టారు. మార్చిలో కందులు ఏడు వేల నాలుగు వందలు కూడా దాటలేదు. ఏడు వేల ఆరు వందలకు కొనాల్సిన ఒప్పందాలు లాభం మాట దేవుడెరుగు, నష్టం తెచ్చాయి. కంపెనీ వాటాదారులకు ఒక కాగితం పంపింది, మార్కెట్ పడిపోవడం వల్ల విలువ తగ్గిందని. ఎక్కడ పడింది మార్కెట్? డిసెంబర్‌లో ఎంత ఉందో అంతే ఉంది. నా ఫిర్యాదు పరిశీలనలో ఉందని ఇంకో జవాబొచ్చింది. నిఖిల్ కొత్త కారు కొన్నాడు.

అంజిలయ్య మామ పైసలు దక్కాయి. కానీ అమ్మిన ధరకు అలాంటి జీవాలు మళ్ళీ దొరకలేదు. వాళ్ళ తాత కాలం నుంచి ఏరి ఏరి పెంచిన మంద అది. ఆ పైసలకు సగం మంద కూడా రాలేదు, వచ్చినవి కూడా రోగాలతో పోయాయి. ఇప్పుడు తాండూరులో బండలు పాలిష్ చేసే కర్మాగారంలో రోజు కూలికి పోతున్నాడు.

మొన్న మా నాన్న రెండు ఆడ గొర్రె పిల్లలను, మందలో ఉన్నవాటిలోకెల్లా మంచివాటిని, ఆటోలో ఎక్కించుకుని దౌల్తాబాద్ వెళ్ళాడు. నేనూ వెళ్ళాను. మామ పని నుంచి ఇంకా రాలేదు. అత్త బయటికొచ్చి ఆటోలోకి చూసింది. పిల్లలను దించమని అనలేదు, లోపలికి రమ్మని అనలేదు. మా నాన్న వాకిట్లో నిలబడే ఉన్నాడు.

"ఇవ్వి మీకే చెల్లె. ఉంచుకోండ్రి" అన్నాడు.

అత్త కొంగు తీసుకుని చేతులు తుడుచుకుంది.

"అన్నా, ఊరికే వద్దు. ధర చెప్పు, కట్టి తీసుకుంటం. ఎవల ముంగటనన్న చెప్పే ధరే చెప్పు" అంది.

మా నాన్న ఆటోలోని ఒక పిల్ల నడుము మీద చెయ్యి వేసి తడిమాడు. గొర్రె ధర అడిగితే ఆయన చెప్పలేకపోవడం నేను చూడటం అదే మొదటిసారి. ఆటో వెనక్కి తిప్పమన్నాడు.